అంతా బాగేనా?

"మేడమ్, ఉగాది సంచికకి మీ వ్యాసం ఇంకా అందలేదు. ఈసారి కాస్త కొత్తగా ఏదైనా రాయండి."

డాలస్‌లో మా తెలుగు సంఘం పత్రిక పని చూసే కుర్రాడు పంపిన మెసేజ్ ఇది. 'కాస్త కొత్తగా' అన్న మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. మర్యాదగానే అన్నాడు కానీ, దానర్థం 'రాసిందే రాస్తున్నారు' అనే కదా!

తప్పు అతనిది కాదు. తొమ్మిదేళ్లుగా ఆ పత్రికకి రాస్తున్నాను. ఆవకాయ సీసా పట్టుకుని కస్టమ్స్ వాళ్ల ముందు బిక్కమొహం వేసుకుని నిలబడ్డం రాశాను. షాపులో ఎవరో 'ఒరేయ్' అంటే ఆశగా వెనక్కి తిరిగి చూడ్డం రాశాను. చలికాలం రాగానే కరివేపాకు కుండీని చంటిపిల్లలా ఇంట్లోకి ఎత్తుకు రావడం రాశాను. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా గడ్డకట్టి కరెంటు పోయినప్పుడు మంచు కరిగించి బకెట్లు నింపుకోవడం కూడా రాశాను. అది చాలామందికి నచ్చింది.

ఆ రాత్రి పాత ఫైళ్లన్నీ తెరిచి లెక్కపెట్టాను. మొత్తం అరవై మూడు వ్యాసాలు. పదకొండింటిలో ఆవకాయ ఉంది. తొమ్మిదింటిలో మా పొలం గట్టు మీది వేపచెట్టు ఉంది. ఆ చెట్టు కింద నాన్నతో కలిసి సద్దన్నం తినడం నాలుగు సార్లు ఉంది. నాకే సిగ్గేసింది.

పోనీ, నాకన్నా ముందు రాసినవాళ్లు తక్కువా? హ్యూస్టన్‌లో వంగూరి ఫౌండేషన్ వాళ్లు అమెరికా తెలుగు కథలకి సంకలనాలే వేశారు. 'ఈమాట' 1998 నుంచి ఇంటర్నెట్‌లో నడుస్తోంది. పిల్లలకి తెలుగు రాకపోవడం, ఊళ్లో అమ్మానాన్నల ఒంటరితనం, వెళ్లిపోదామా ఉండిపోదామా అనే ఊగిసలాట, అన్నీ వాళ్లు ఎప్పుడో రాసేశారు. ఇంక నాకు మిగిలిందేముంది?

సరిగ్గా అప్పుడే అమ్మకి శుక్లాల ఆపరేషన్ ఖాయమైంది. 2025 ఫిబ్రవరిలో మూడు వారాలకి టికెట్ తీసుకున్నాను. అమ్మని చూసుకోవడం ఒక పని. రెండోది మీ దగ్గర దాచడమెందుకు, సరుకు వెతుక్కోవడం. బ్యాగులో కొత్త నోట్‌బుక్ ఒకటి పెట్టుకున్నాను.

మా ఊరు పర్చూరు వైపు. నల్లరేగడి నేల. పత్తి, మిరప, శనగ, పొగాకు పండుతాయి. వ్యాసాల కింద నా పేరు పక్కన ఎప్పుడూ 'ప్రకాశం జిల్లా' అని వేయించుకుంటాను. దిగిన రోజే మా చిన్నాన్న కొడుకు నవ్వాడు. "ఇంకా ప్రకాశం ఏందక్కా? 2022లోనే మనల్ని బాపట్ల జిల్లాలో కలిపారుగా!" నోట్‌బుక్‌లో మొదటి మాటగా అదే రాసుకున్నాను.

తర్వాత నాలుగు రోజులు ఒక్క ముక్క దొరకలేదు. చేతిలో పుస్తకంతో ఊళ్లో తిరుగుతుంటే జనం నన్ను చూసి మాటలాపేస్తున్నారు. "ఏం రాసుకుంటన్నావే, జనాభా లెక్కలా?" అంది అమ్మ.

ఐదో రోజు వేటపాలెం వెళ్లాను. సారస్వత నికేతనం చిన్నప్పుడు ఒక్కసారి చూశాను. 1918లో పెట్టిన గ్రంథాలయం అది. 1929లో గాంధీ గారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. అక్కడ ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర' తీసి కూర్చున్నాను. ఊరు వదిలి వెళ్లినవాడు ఎలా రాశాడో చూద్దామని.

ఆయన 1830 మేలో మద్రాసు నుంచి పెద్ద పరివారంతో బయలుదేరి, మరుసటి ఏడాది సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దారిలో మజిలీ మజిలీకీ రాసుకున్నాడు. ఈ ఊళ్లో నీళ్లెలా ఉన్నాయి, సామాన్లు దొరుకుతాయా లేదా, దారి రాళ్లా రేగడా, దిగడానికి చోటుందా, అక్కడి జనం ఎలా బతుకుతున్నారు... ఇవే. తను ఇంటికి ఎంత బెంగపడ్డాడో చెప్పడానికి పేజీలు ఖర్చు పెట్టలేదు. అడిగాడు, చూశాడు, రాసుకున్నాడు. అందుకే దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత కూడా అందులో చదవడానికి ఏదో ఉంది.

నా అరవై మూడు వ్యాసాల్లో నేను ఎవరినైనా ఏమైనా అడిగానా అని బస్సులో కూర్చుని ఆలోచించాను. అన్నిట్లోనూ నా బెంగే ఉంది. మా ఊళ్లో మిరప రేటెంతో తొమ్మిదేళ్లలో ఒక్కసారీ లేదు.

ఇంటికొచ్చి నాన్నని అడిగాను. "ఈ ఏడు మిర్చి రేటెట్టా ఉంది నాన్నా?"

"ఏదో ఉందిలే అమ్మాయ్. నువ్వు అన్నం తిన్నావా?" అని చెప్పులేసుకుని బయటికెళ్లిపోయాడు.

ఆపరేషన్ అయిన రెండో రోజు అమ్మ కంటికి నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద పడుకుంది. టీవీ చూడకూడదు, ఫోను చూడకూడదు. కాలక్షేపానికి ఏదన్నా చదివి పెట్టమంది. అలమరలోంచి పాత ఫైలొకటి తీయించింది. చూస్తే అందులో నా వ్యాసాలే! నేను వాట్సాప్‌లో పంపినవన్నీ పర్చూరులో జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి, వరసగా కుట్టి దాచుకుంది. గర్వంగా అనిపించింది. మధ్యలోంచి ఒకటి తీసి మొదలుపెట్టాను. 2022 ఉగాదికి రాసింది. వేపచెట్టు వ్యాసాల్లో అందరూ మెచ్చుకున్నది అదే.

అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "అది వద్దులేవే. నాన్న వసారాలోనే ఉన్నాడు."

"ఉంటే ఏంటి?"

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "ఆ చెక్క అమ్మేసి మూడేళ్లయిందే."

2021లో నాన్న సొంత పొలం నాలుగెకరాలు, కౌలుకి తీసుకున్న రెండెకరాలు, మొత్తం మిరపే వేశాడు. అంతకు ముందు రేట్లు బాగున్నాయి. మొక్క పూతకొచ్చే వేళకి నల్ల తామర పురుగు దిగింది. పూలల్లో చేరి రసం పీలుస్తుంది. పూత రాలిపోతుంది, కాయ నిలవదు. ఆ ఏడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్ని చేలు అలా పోయాయో పేపర్లలో వచ్చింది. నేను డాలస్‌లో ఆ వార్త చదివాను కూడా. చదివి, ఆదివారం ఫోన్ చేసి, "అంతా బాగేనా?" అని అడిగాను. "ఆఁ, బాగే" అన్నాడు నాన్న. నేను నమ్మాను.

కొట్టిన మందు మళ్లీ కొట్టారు. ఒకరు చెప్పిన మందు ఒకటి, ఇంకొకరు చెప్పింది ఇంకొకటి. పురుగు పోలేదు, అప్పు మిగిలింది. కౌలు డబ్బులు ఎలాగూ కట్టాలి. చివరికి దొంక పక్కన ఎకరం బేరం పెట్టాడు. వేపచెట్టు ఆ గట్టు మీదే ఉండేది. కొన్నవాళ్లు ట్రాక్టరు తిరగడానికి అడ్డమని కొట్టేశారు.

"రిజిస్ట్రేషన్ అయిన వారమే నీ కాయితం వచ్చింది. నేను తెలవక పైకి చదివాను. మొత్తం విన్నాడు. 'బాగా రాసింది' అని లేచి చేలోకి పోయాడు. ఆ రోజు రాత్రి అన్నం తినలా."

నాకు కోపమొచ్చింది. ఏడుపూ వచ్చింది. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే ఏం చేస్తావే? డబ్బులు పంపుతానంటావు. ఆయన వద్దంటాడు. అక్కడ నువ్వూ, ఇక్కడ ఆయనా ఏడుస్తా కూచుంటారు." కాస్త ఆగి, "నువ్వు మాత్రం అన్నీ చెప్తన్నావా ఏంది?" అంది.

"నేనేం దాచాను?"

"అల్లుడి ఉద్యోగం పోలా?"

నా నోట మాట రాలేదు. 2023లో మా ఆయన కంపెనీలో ఒకేరోజు చాలామందిని తీసేశారు. వీసా మీద ఉన్నవాళ్లకి అరవై రోజుల గడువు. ఆ లోపల ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాలి. యాభై రెండో రోజున దొరికింది. ఆ రెండు నెలలూ మేం ఇంట్లో గట్టిగా మాట్లాడుకోలేదు. పిల్లలకి కూడా చెప్పలేదు. ఆ నెల పత్రికకి నేను రాసింది ఏమిటో తెలుసా? డాలస్‌లో అట్లతద్ది!

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? ఎప్పుడు ఫోన్ చేసినా 'ఆయన మీటింగ్‌లో ఉన్నాడమ్మా' అనేదానివి. ఆ రెణ్ణెల్లూ ఒక్కసారి కూడా ఆ మాటనలా."

మర్నాడు సాయంత్రం నాన్న వెనకాలే చేలోకి వెళ్లాను. మిగిలిన మూడెకరాల్లో మిరప రెండో కోత నడుస్తోంది. కల్లంలో కాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఘాటుకి రాగానే తుమ్ములు మొదలయ్యాయి. అలవాటు తప్పింది మరి. కోస్తున్నవాళ్లు మా ఊరివాళ్లు కాదు. కర్నూలు జిల్లా కోసిగి వైపు నుంచి ఏటా వస్తారు. పత్తి తీతలప్పుడు వచ్చి, మిరప కోతలు అయిపోయేదాకా ఉంటారు. చేను పక్కనే పట్టాలతో డేరాలు. ఒక చీర ఉయ్యాలలో పసిపిల్ల నిద్రపోతోంది.

డేరా ముందు ఒకామె ఫోన్ మాట్లాడుతోంది. "ఆఁ నాయనా, బాగుండాం. ఈడ కరెంటు ఉంది, ఫ్యాను ఉంది. బువ్వ తింటిమి. నువ్వు బడికి పోతుండావా? అవ్వను సతాయించొద్దు."

నేను ఆ డేరా వైపు చూశాను. ఫ్యాను కాదు గదా, బల్బు కూడా లేదు.

ఆమె ఫోన్ పెట్టేశాక పక్కన కూర్చున్నాను. ఈసారి నోట్‌బుక్ తీయలేదు. అడిగాను. పెద్దపిల్లాడు అవ్వ దగ్గర ఉన్నాడట. ఆ వైపు వలస వెళ్లినవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు ఉంటాయి గానీ, వాడు అవ్వని వదిలి పోనన్నాడట. వాళ్ల వైపు వానలు పడకపోతే చేతిలో పని ఉండదు. ఇక్కడ కోసిన కాయ తూకం వేసి కూలీ లెక్కగడతారు. చివర్లో ఆ డబ్బులన్నీ కలిపి తీసుకుని ఇంటికి వెళ్తే పాత అప్పు తీరుతుంది, మళ్లీ దసరాకి కొత్తది పుడుతుంది.

"ఇట్టా రావడాన్ని మీ వైపు ఏమంటారమ్మా?"

"సుగ్గి అంటాం. సుగ్గికి పోతాండాం అంటాం." తర్వాత ఆమె నన్ను అడగడం మొదలుపెట్టింది. "మీరు యాడుంటారక్కా?"

"అమెరికాలో."

"ఆడికి పని కోసరమే పోయినారా?"

"అవును."

"ఎన్నాళ్లకొకసారి వస్తారు ఊరికి?"

"రెండేళ్లకి. ఒక్కోసారి మూడేళ్లకి."

ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో అక్కా! మేము ఉగాదికి ఇంట్లో ఉంటాం. మీది చానా పెద్ద సుగ్గి."

నన్ను ఎన్నారై అన్నారు, ప్రవాసాంధ్రురాలు అన్నారు, ఒక సభలో శాలువా కూడా కప్పారు. ఇంత సరైన మాట ఎవరూ అనలేదు. ఆమె సుగ్గీ నా సుగ్గీ ఒకటేనని చెప్పడం లేదు. నా ఇంట్లో ఏసీ ఉంది, ఆమె పిల్ల చేనుగట్టున చీర ఉయ్యాలలో ఉంది. కానీ ఫోన్‌లో చెప్పే మాట మాత్రం ఇద్దరిదీ ఒకటే.

ఆ వారం చివర నాన్నతో గుంటూరు యార్డుకి వెళ్లాను. వద్దన్నాడు. వినలేదు. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్ అని పేరు దానికి. ఎటు చూసినా టిక్కీలు, గోతాల గోడల మధ్య సందుల్లో నడుస్తున్నట్టుంది. తేజ, 334, బాడిగ, ఒక పక్కగా రంగు పోయిన తాలు కాయలు. వ్యాపారులు వచ్చి గోతంలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీసి, విరిచి, గింజ చూసి వెళ్తున్నారు. ఏడాది పంట మీద తీర్పు చెప్పడానికి వాళ్లకి ఒక్క నిమిషం పడుతుంది.

మా సరుకుకి క్వింటాకి పదకొండు వేలు పలికింది. ముందటేడు ఇదే కాయని దాదాపు రెట్టింపుకి అమ్మాడట. మేం వెళ్లొచ్చిన కొద్ది రోజులకే, ఆ నెలాఖర్లో, మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం క్వింటాకి 11,781 రూపాయల ధర ప్రకటించింది. నాన్న పెన్ను తీసుకుని సిగరెట్ అట్ట మీద నాకు లెక్క చెప్పాడు. నారు, ఎరువు, మందులు, కోత కూలీ, కల్లం, గోతాలు, కిరాయి. చివర్లో మిగిలింది మైనస్ గుర్తు.

టీ కొట్టు దగ్గర కూర్చున్నప్పుడు తనంతట తనే చెప్పాడు. "నీకు గుర్తుండదు. నీకప్పుడు ఎనిమిదేళ్లు. తెల్లదోమ వచ్చిన ఏడు."

1987-88 సంగతి అది. ఈ రెండు జిల్లాల్లోనూ పత్తిని తెల్లదోమ తినేసింది. మందు కొట్టినకొద్దీ దోమ పెరిగింది. అప్పులు తీర్చలేక రైతులు చేలో కొట్టాల్సిన మందు తాగి చనిపోయారు. మా వీధిలోనూ ఒకాయన పోయాడట. "ఆయన్ని మోసుకొచ్చినవాళ్లలో నేనూ ఉన్నా. ఆ రాత్రే అనుకున్నా, మా అమ్మాయిని ఈ నేల మీద ఉంచకూడదని. నిన్ను గుంటూరు హాస్టల్లో వేసింది అందుకే."

నేను అమెరికా ఎందుకు వెళ్లాను అని ఎవరైనా అడిగితే ఇన్నేళ్లూ పెళ్లి సంబంధం, ఆయన ఉద్యోగం, వీసా, విమానం అని చెప్పాను. నా ప్రవాస కథ హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో మొదలవుతుందనుకున్నాను. అది పత్తాకు వెనకాల తెల్లదోమతో మొదలైందని నలభై ఐదేళ్లు వచ్చాక యార్డులో టీ తాగుతుంటే తెలిసింది.

తిరిగొచ్చాక మూడో కోత కోయించాలా వద్దా అన్న చర్చ నడిచింది. ఆ ధరకి కోత కూలీ కూడా గిట్టదు. ఊళ్లో కొంతమంది చేను అలాగే వదిలేశారు. నాన్న రెండు రోజులు ఆలోచించి, కాయ బాగున్న సాళ్లు మాత్రం కోయించమన్నాడు. మిగతావి వదిలేశాడు. కోసిగి వాళ్లకి వారం పని తగ్గింది. ఆమె ఏమీ అనలేదు. పక్క ఊళ్లో ఎవరి చేలో పనుందో అడగడానికి వాళ్ల మేస్త్రిని పంపింది.

వెళ్లే ముందు రోజు నాన్నని అడిగాను. "పొలం అమ్మిన సంగతి రాయనా నాన్నా? నీకు చిన్నతనంగా ఉంటే వద్దు."

"నాకేం చిన్నతనం? ఊరందరికీ తెలిసిందేగా. నీకొక్కదానికే తెలవంది."

ఉగాది సంచికకి అది రాసి పంపాను. అల్లుడి ఉద్యోగం సంగతి కూడా, ఆయనతో మాట్లాడి, అందులోనే రాశాను. పత్రిక కుర్రాడు ఫోన్ చేశాడు. "మేడమ్, బాగుంది. కానీ పండగ సంచిక కదా... ఆవకాయదేమన్నా ఉందా?" అన్నాడు. నవ్వాను. ఉన్నదే వేసుకోమన్నాను. వేశాడు. తర్వాత వారం రోజుల్లో ముగ్గురు ఆడవాళ్లు ఫోన్ చేశారు. ముగ్గురూ ముందు వ్యాసం బాగుందన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "మాకూ అరవై రోజులు నడుస్తున్నాయండీ. ఇంట్లో చెప్పలేదు" అంది ఒకామె.

మీలో ఎవరైనా పరాయి దేశంలో ఉండి రాస్తూ, రాయడానికి ఏమీ మిగల్లేదని అనుకుంటుంటే, నాకు తెలిసింది ఒకటే చెప్తాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఏది చెప్పకుండా పక్కకి తప్పుకుంటున్నారో ఒక్కసారి చూసుకోండి. అవతలివాళ్లు ఏది తప్పిస్తున్నారో కూడా. 'అంతా బాగేనా' అని అడగకండి. దానికి జవాబు ముందే తయారుగా ఉంటుంది.

నేను మానేశాను. మొన్న ఆదివారం ఫోన్ చేసి, "నాన్నా, కోల్డ్ స్టోరేజీలో ఎన్ని టిక్కీలు పెట్టావు? వాటి మీద తెచ్చిన డబ్బుకి వడ్డీ ఎంత?" అని అడిగాను. కొంచెంసేపు ఏమీ వినపడలేదు. తర్వాత చెప్పాడు. నలభై టిక్కీలు. నూటికి రెండు రూపాయలు.

"మరి మీ ఇంటి లోనుకి ఎంత?" అన్నాడు. ఇరవై ఏళ్లలో నన్ను ఆయన అడిగిన మొదటి ప్రశ్న, అన్నం తిన్నావా అన్నది కాకుండా.

"ఏడు నాన్నా."

"ఏడా!" గాభరాగా అన్నాడు. "నెలకా, ఏడాదికా?"